దవడ కదిలితే పెదవి ఎక్కడ నిలుస్తుంది?



పెళ్లి సంబంధాల కోసం స్టూడియోకి వెళ్లి ఫోటో తీయించుకునే రోజులు మీలో చాలామందికి గుర్తుండే ఉంటాయి. కొందరు అమ్మాయిలను కూర్చోబెట్టి, "తల కొంచెం దించమ్మా, గడ్డం లోపలికి పెట్టు" అనేవాడు ఫోటోగ్రాఫరు. ఎందుకంటాడో ఆ అమ్మాయికీ తెలుసు, పక్కన నిలబడ్డ తల్లికీ తెలుసు. కింది పళ్ళు పై పళ్ళను దాటి ముందుకు వచ్చిన ముఖం అది. ఎదురుగా తీస్తే అంతగా కనబడదు. పక్క నుంచి తీస్తే కింది పెదవి ముందుకూ, పై పెదవి కాస్త లోపలికీ ఉన్నట్టు తెలిసిపోతుంది.

మా బంధువుల్లో అలాంటి అమ్మాయి ఒకతె ఉంది. చిన్నప్పటి నుంచీ నవ్వొస్తే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేది. పంతొమ్మిదో ఏట పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకువెళ్తే, క్లిప్పులు వేసి పలువరుస సరిచేయవచ్చన్నారు. వాళ్లమ్మ అడిగిన ప్రశ్న ఒక్కటే. "పళ్ళు సరే డాక్టరుగారూ, దీని మూతి మారుతుందా?"

అది తెలియక అడిగిన ప్రశ్న కాదు. నిజానికి అసలు ప్రశ్న అదే. దానికి సరైన జవాబు వెతుక్కోవడానికి దంతవైద్యానికి రెండు వందల ఏళ్లు పట్టింది. ఆ రెండు వందల ఏళ్ల కథను ఈ కాసేపట్లో చెప్పుకుందాం.

ముందుగా పెదవి సంగతి. పెదవిలో ఎముక లేదు. లోపల ఉన్న పళ్ళ మీదా, ఆ పళ్ళను మోసే దవడ మీదా అది ఆనుకుని ఉంటుంది. పళ్ళూ దవడా పరుపు అనుకోండి, పెదవి ఆ పరుపు మీద కప్పిన దుప్పటి. పరుపు ఎత్తుపల్లాలు దుప్పటి మీద తెలుస్తాయి. అయితే దుప్పటి పలచనిదైతే బాగా తెలుస్తాయి, మందంగా ఉంటే అంతగా తెలియవు. పెదవీ అంతే. లోపలి పన్ను కదిలితే పెదవి కదులుతుంది గాని, పన్ను కదిలినంత దూరం కదలదు. పలచని పెదవి ఎక్కువ కదులుతుంది, దళసరి పెదవి తక్కువ కదులుతుంది.

ఇది అందానికి సంబంధించిన విషయం మాత్రమే కాదు. ప, ఫ, బ, భ, మ అనాలంటే రెండు పెదవులూ కలవాలి. వ అనాలంటే కింది పెదవి పై పళ్ళను తాకాలి. కింది దవడ బాగా ముందుకు ఉన్నవారికి ఈ రెండు పనులూ కొంచెం కష్టమే. పెదవి లేకపోతే మాట ఎంత మారిపోతుందో మన పూర్వులకు బాగా తెలుసు. దండి సంస్కృతంలో రాసిన దశకుమారచరితంలో పెదవి గాయపడ్డ ఒక కుమారుడు తన కథనంతా పెదవులు కలిసే అక్షరాలు రాకుండా చెబుతాడు. తెలుగులోనూ నిరోష్ఠ్య కావ్యాలు వచ్చాయి. అక్కడ కవులకు అది విద్య. ఈ ఇబ్బంది ఉన్నవారికి మాత్రం అది రోజువారీ ప్రయాస.

ఇక చరిత్రలోకి వెళ్దాం. ముందుకొచ్చిన కింది దవడ అనగానే చరిత్రకారులకు గుర్తొచ్చేది యూరప్‌ను శతాబ్దాల పాటు ఏలిన హాబ్స్‌బర్గ్ రాజవంశం. ఆ వంశంలో పొడవైన కింది దవడ, వేలాడే కింది పెదవి తరతరాలుగా కనిపిస్తాయి. చక్రవర్తి అయిదవ చార్లెస్ 1500లో పుట్టాడు. టిషన్ వేసిన అతని చిత్రాల్లో గడ్డం వెంట్రుకలు దవడను కొంత కప్పిపెట్టాయి. మన ఫోటోగ్రాఫరు తల దించమన్నట్టే ఆనాటి చిత్రకారులకూ వాళ్ల ఉపాయాలు వాళ్లకుండేవి. కానీ నాణెం మీద ముఖం పక్క నుంచి ముద్రిస్తారు కదా, అక్కడ దాపరికం కుదరదు. ఆస్ట్రియాను ఏలిన మొదటి లియోపోల్డ్ నాణేలు చూస్తే ఆ దవడ, ఆ పెదవి స్పష్టంగా కనిపిస్తాయి.

ఈ లియోపోల్డ్ 1666లో పెళ్లాడింది ఎవరినో తెలుసా? స్వయానా తన అక్క కూతురు మార్గరీటాను. 1656లో స్పెయిన్ చిత్రకారుడు వెలాస్కెజ్ వేసిన ప్రసిద్ధ చిత్రంలో మధ్యలో నిలబడ్డ చిన్న పాప ఆమే. ఆమె తండ్రి నాలుగవ ఫిలిప్ కూడా తన చెల్లెలి కూతురినే చేసుకున్నాడు. వాళ్లకు పుట్టిన రెండవ చార్లెస్‌కు పై పళ్ళూ కింది పళ్ళూ కలవక తిండి నమలడమే కష్టంగా ఉండేదట. 1700లో సంతానం లేకుండా అతను చనిపోవడంతో స్పెయిన్‌లో ఆ వంశపు పాలనే ముగిసింది.

2019లో స్పెయిన్ పరిశోధకులు ఆ వంశంలో 15 మందికి చెందిన 66 చిత్రాలను పదిమంది దవడ శస్త్రవైద్యులకు చూపించారు. రక్తసంబంధపు వివాహాలు పెరిగిన కొద్దీ దవడ వైకల్యం ఎక్కువగా కనిపించిందని తేల్చారు. మేనరికాలు మన ఇళ్లలో కొత్త కాదు గనుక దీన్ని జాగ్రత్తగా అర్థం చేసుకోవాలి. ఒక మేనమామ పెళ్లితో దవడ పెరిగిపోతుందని దీనర్థం కాదు. తరం తర్వాత తరం, రెండు వైపులా అదే చుట్టరికం కలుస్తూ పోయిన వంశం అది. ఈ లక్షణం కుటుంబాల్లో నడుస్తుందన్నది మాత్రం నిజం. తాతకో మేనమామకో ఉంటే పిల్లలను చిన్నప్పుడే ఒకసారి చూపించడం మంచిది.

ఆ చిత్రాలే మరో సంగతి కూడా చెప్పాయి. ఆ వంశంలో చాలామందికి కింది దవడ పెరగడమే కాదు, పై దవడ సరిగా ఎదగకపోవడం కూడా ఉంది. మనం "కింది దవడ ముందుకొచ్చింది" అంటాం. కొందరిలో కింది దవడ మామూలుగానే ఉంటుంది, పై దవడ వెనకబడి ఉంటుంది. కొందరిలో రెండూ కలిసి ఉంటాయి. ఏది కారణమో తెలియకుండా ఏ పెదవి కదలాలో చెప్పలేం.

ఇది అర్థం కావడానికి వైద్యులకు చాలా కాలం పట్టింది. 1800 ప్రాంతంలో ఫ్రాన్సులోనూ ఇంగ్లండులోనూ గడ్డానికి గిన్నెలాంటిది తొడిగి, తలకు పట్టీలతో వెనక్కి లాగి కట్టే పద్ధతి మొదలైంది. ఎదుగుతున్న దవడను ఆపుదామని ఆశ. ఈ గడ్డపు గిన్నె దాదాపు రెండు వందల ఏళ్లు వాడుకలో ఉంది. ఈ సమస్య ఎక్కువగా కనిపించే జపాన్‌లో దీన్ని దీర్ఘకాలం పరిశీలించి 1990లో ఫలితాలు ప్రకటించారు. మొదట్లో ముఖం మెరుగుపడినా, ఎదుగుదల పూర్తయ్యేసరికి ఆ మార్పు చాలామందిలో నిలవలేదని తేలింది. కట్టు విప్పాక దవడ తన వారసత్వాన్ని తాను గుర్తు తెచ్చుకుందన్నమాట.

శస్త్రచికిత్స కథ 1849లో మొదలవుతుంది. అమెరికాలోని వీలింగ్ అనే ఊళ్లో సైమన్ హల్లిహెన్ అనే వైద్యుడి దగ్గరికి ఒక యువతి వచ్చింది. చిన్నతనంలో మెడ, రొమ్ము కాలి, ఆ మచ్చ బిగుసుకుపోయి, దవడనూ కింది పెదవినీ కిందికీ ముందుకూ లాగేసింది. హల్లిహెన్ దవడ ఎముకలో ముక్క తీసి ముందు భాగాన్ని వెనక్కి జరిపాడు. అంతటితో ఆపలేదు. మెడ మీది మచ్చను సడలించి, కింది పెదవిని కూడా సరిచేశాడు. దవడను చక్కదిద్దితే పెదవి దానంతటదే చక్కబడుతుందని ఆయన అనుకోలేదు. దవడ, పెదవి రెండూ వేర్వేరు లెక్కలని ఆయనకు అప్పుడే తెలుసు.

తర్వాతివారు ఆ సంగతి కొంత మరిచిపోయారు. పళ్ళ వరుస సరిచేసే విద్యకు ఆద్యుడని చెప్పుకునే ఎడ్వర్డ్ యాంగిల్ 1899లో వంకర పలువరుసలను మూడు తరగతులుగా విభజించాడు. కింది దంతాలు ముందుకొచ్చేది మూడో తరగతి. ఈ లెక్క ఇప్పటికీ వాడుతున్నారు. మీ డాక్టరు చీటీలో "క్లాస్ త్రీ" అని రాస్తే అది యాంగిల్ మాటే.

ముఖానికి ఏది ఆదర్శం అన్న ప్రశ్న యాంగిల్‌కూ వచ్చింది. వాటికన్‌లో ఉన్న అపోలో పాలరాతి విగ్రహాన్ని ఆయన ఆదర్శంగా చూపించాడు. సెయింట్ లూయిస్‌లో వ్యూర్పెల్ అనే చిత్రకళాచార్యుణ్ణి కూడా సంప్రదించాడు. అందానికి ఒకే కొలత ఉండదు, మనుషుల ముఖాలు రకరకాలు, ఒక సూత్రంలో బిగించలేమని ఆ చిత్రకారుడు తేల్చిచెప్పాడు. అప్పుడు యాంగిల్ ఒక నిర్ణయానికి వచ్చాడు. పళ్ళన్నీ ఉంచి, పై వరుసా కింది వరుసా సరిగ్గా కలిసేలా చేస్తే చాలు, ఆ మనిషికి తగిన ముఖం దానంతటదే వస్తుందని.

వినడానికి బాగానే ఉంది. కానీ ఆ మాటతో పెదవి లెక్కలోంచి జారిపోయింది. కాల్విన్ కేస్ అనే మరో వైద్యుడు దీన్ని వ్యతిరేకించాడు. పళ్ళన్నీ ఉంచి సర్దితే కొందరికి పెదవులు ఉబ్బెత్తుగా ముందుకొస్తాయి, అలాంటివారికి కొన్ని పళ్ళు తీయాల్సిందే అన్నాడు. 1911లో అమెరికాలో దీని మీద పెద్ద వాదమే జరిగింది. ఆ రోజు గెలిచింది యాంగిల్ పక్షం. తర్వాత రెండు మూడు దశాబ్దాలకు యాంగిల్ శిష్యుడు చార్లెస్ ట్వీడ్ తానే చికిత్స చేసిన ముఖాలు చూసి తృప్తి లేక, పళ్ళు తీసి మళ్లీ చికిత్స చేశాడు.

పెదవిని కొలిచే సాధనం 1931లో వచ్చింది. అమెరికాలో బ్రాడ్‌బెంట్, జర్మనీలో హోఫ్రాత్ విడివిడిగా ఒకే ఏడాది తలను కదలకుండా బిగించి పక్క నుంచి ఎక్స్‌రే తీసే పద్ధతిని ప్రకటించారు. ఎముకా, పన్నూ, వాటి ముందు పెదవి నీడా ఒకే ఫిల్ము మీద కనిపించాయి. తప్పు పై దవడదా కింది దవడదా అని అప్పటి నుంచి తేల్చగలిగారు.

కొలిచే సాధనం వచ్చాక, ఎంత ఉండాలి అన్న ప్రశ్న వచ్చింది. 1948లో డౌన్స్ అనే పండితుడు ప్రకటించిన ప్రామాణిక కొలతలకు ఆధారం ఎంతమందో తెలుసా? మంచి పలువరుస ఉన్న 20 మంది తెల్లజాతి పిల్లలు. ఆ తర్వాత రికెట్స్ అనే ఆయన ముక్కు కొస నుంచి గడ్డం కొసకు ఒక గీత గీశాడు. పెద్దవాళ్లలో పెదవులు ఆ గీతకు కొంచెం వెనక ఉండాలన్నాడు. కింది పెదవి సుమారు 2 మిల్లీమీటర్లు వెనక, పై పెదవి ఇంకొంచెం వెనక. ఈ గీత ప్రపంచమంతా పాకింది.

శ్రోతలూ, ఇక్కడే మీరు కొంచెం చెవి ఒగ్గి వినాలి. ఆ గీత అమెరికాలోని తెల్లవారి ముఖాల మీద గీసినది. మన ముక్కు వేరు, మన పెదవి మందం వేరు. భారతీయుల మీద జరిగిన పరిశీలనల్లో మనవాళ్ల పెదవులు ఆ కొలతల కన్నా ముందుకు ఉండటం మామూలేనని తేలింది. అంటే ఏ లోపమూ లేని తెలుగు పెదవి కూడా ఆ గీత ప్రకారం తప్పుగా కనిపించవచ్చు. పైగా ఆ గీతకు ఒక కొస గడ్డం మీదే ఉంది. గడ్డం ముందుకొచ్చినవారిలో గీతే ముందుకు జరిగిపోతుంది. అప్పుడు పెదవులు నిజంగా ఉన్నదానికన్నా లోపలికి ఉన్నట్టు లెక్క చెబుతుంది. వ్యూర్పెల్ అనే చిత్రకారుడు యాంగిల్‌కు చెప్పిన మాట ఇన్నేళ్ల తర్వాత నిజమైంది. 1999లో అమెరికాలోని ప్రముఖ ఆచార్యులే, పళ్ళను ముందు సర్ది ముఖాన్ని తర్వాత చూడటం కాదు, పెదవినీ చర్మాన్నీ ముందు చూసి దానికి తగ్గట్టు పళ్ళను సర్దాలి అని రాశారు.

మరి చికిత్స చేస్తే పెదవి ఏమవుతుంది? మూడు దారులున్నాయి.

మొదటిది చిన్నపిల్లలకు. పై దవడ వెనకబడిన పిల్లలకు నుదుటికీ గడ్డానికీ ఆనే ఒక చట్రం తొడిగి, రబ్బరు పట్టీలతో పై దవడను ముందుకు లాగుతారు. ఫ్రాన్సులో డెలేర్ అనే వైద్యుడు దీన్ని ప్రచారంలోకి తెచ్చాడు. పదేళ్ల లోపు మొదలుపెడితే ఫలితం బాగుంటుంది. రోజుకు పన్నెండు గంటలకు పైగా పెట్టుకోవాలి. పై పెదవి నిండుగా ముందుకొస్తుంది, కింది దవడ కాస్త కిందికీ వెనక్కీ తిరుగుతుంది. అయితే యుక్తవయసులో కింది దవడ మళ్లీ పెరిగే పిల్లలూ ఉంటారు. అందుకే ఎదుగుదల ఆగేదాకా గమనిస్తూ ఉండాలి.

రెండోది ఎదిగినవారికి, తేడా కొద్దిగా ఉన్నప్పుడు. దవడల జోలికి పోకుండా క్లిప్పులతోనే పై పళ్ళను ముందుకు, కింది పళ్ళను వెనక్కి వాలుస్తారు. పై పెదవికి కొంచెం ఆనుడు దొరుకుతుంది, కింది పెదవి కొంచెం వెనక్కి వాలుతుంది. గడ్డం మాత్రం ఉన్నచోటే ఉంటుంది. కొందరిలో కింది పెదవి వెనక్కి తగ్గడం వల్ల గడ్డం మునుపటికన్నా ఎక్కువ కనబడుతుంది కూడా. ఈ మాట ముందే తెలుసుకోవాలి.

మూడోది శస్త్రచికిత్స, తేడా ఎక్కువగా ఉన్నప్పుడు. 1897లో సెయింట్ లూయిస్‌లో బ్లెయిర్ అనే శస్త్రవైద్యుడు కింది దవడను రెండు వైపులా కోసి వెనక్కి జరిపాడు. నేటి పద్ధతికి దారి వేసింది ఓబ్వెగెసర్. నోటి లోపలి నుంచే, ముఖం మీద మచ్చ పడకుండా దవడను చీల్చి జరిపే పద్ధతిని ఆయన ట్రావునర్‌తో కలిసి 1957లో ప్రకటించాడు. పై దవడను కదిపి ముందుకు తేవడం కూడా తర్వాత స్థిరపడింది. కింది దవడను వెనక్కి తెస్తే గడ్డం మీది చర్మం దాదాపు ఎముకతో సమానంగా వెళ్తుంది, కింది పెదవి కొంచెం తక్కువగా వెళ్తుంది. పై దవడను ముందుకు తెస్తే పై పెదవి అందులో సుమారు సగం, కొందరిలో సగానికి పైన వస్తుంది. ముక్కు పుటాలు కాస్త వెడల్పు కావచ్చు.

ఈ దారిలో ఎవరూ గట్టిగా చెప్పని సంగతి ఒకటుంది. ఆపరేషనుకు ముందు చాలామందికి ఏడాది ప్రాంతం క్లిప్పులు వేస్తారు. ఇన్నేళ్లూ దవడ తేడాకు సర్దుకుని వాలిపోయిన పళ్ళను ముందుగా నిటారుగా నిలబెట్టాలి. అప్పుడు కింది పళ్ళు ఇంకా ముందుకొస్తాయి, కింది పెదవి ఇంకా పొడుచుకొస్తుంది. బాగుపడటానికి ముందు ముఖం మరింత చెడినట్టు కనిపిస్తుంది. ఇంకొకటి. కింది పెదవికి స్పర్శనిచ్చే నరం ఆ ఎముకలోంచే పోతుంది. ఆపరేషను తర్వాత కింది పెదవి, గడ్డం కొన్ని నెలలు మొద్దుబారి ఉంటాయి. కొందరిలో ఆ మొద్దుబారడం కొంత శాశ్వతంగా మిగిలిపోతుంది.

మొదట చెప్పిన అమ్మాయి దగ్గరికి వద్దాం. వాళ్లమ్మకు డాక్టరు ఈ రెండు సంగతులూ విడమరిచి చెప్పారు. ఇంట్లో అప్పటికే సంబంధాలు చూస్తున్నారు. ఏడాది పాటు మూతి ఇంకా ముందుకొస్తే ఎలా అని పెద్దవాళ్లు తర్జనభర్జన పడ్డారు. క్లిప్పులతో సరిపెట్టి త్వరగా కానిచ్చేద్దామన్నారు. ఆ అమ్మాయి ఒప్పుకోలేదు. "తొందర మీది. నోరు నాది. అన్నం నమిలేది నేను" అంది. సంబంధాలు ఆపించింది. ఎదుగుదల ఆగిందని ఏడాది తేడాతో తీసిన రెండు ఎక్స్‌రేలు పోల్చి చూసుకున్నాకే ఆపరేషను చేయించుకుంది. నాలుగు నెలలు కింది పెదవికి టీ వేడి తెలిసేది కాదు. తర్వాత తెలిసింది. ఇప్పుడు పళ్ళు కలుస్తాయి, జామకాయ కొరికి తింటుంది. పెదవులు రికెట్స్ గీతకు కొంచెం ముందుకే ఉన్నాయి. అవి వాళ్ల నాన్నమ్మ పెదవులు. వాటిని మార్చమని డాక్టరు అనలేదు, తనూ అడగలేదు.

మీరు హోసూరులో ఉన్నా, బళ్లారిలో ఉన్నా, పర్లాకిమిడిలో ఉన్నా, నాందేడ్‌లో ఉన్నా ఇలాంటి వైద్యానికి పెద్ద ఊరికి పోవలసి రావచ్చు. అక్కడ డాక్టరు కన్నడంలోనో, తమిళంలోనో, ఒడియాలోనో, మరాఠీలోనో, ఇంగ్లీషులోనో చెబుతారు. మనం తల ఊపి వచ్చేస్తాం. అలా రాకండి. మీ భాషలో ఈ నాలుగు ప్రశ్నలు రాసుకుని వెళ్లండి. లోపం పై దవడదా, కింది దవడదా? ఎదుగుదల ఆగిందా, ఆగిందని ఎలా తేల్చారు? చికిత్స మధ్యలో పెదవి ఎలా ఉంటుంది, చివరికి ఎలా ఉంటుంది? మీరు కొలిచే గీత ఎవరి ముఖాలను చూసి గీసినది?

నాలుగో ప్రశ్నకు డాక్టరు కాస్త ఆశ్చర్యపోవచ్చు. కానీ మంచి డాక్టరైతే కుర్చీ దగ్గరికి జరుపుకుని జవాబు చెబుతారు. పళ్ళు కలవాలి, తిండి నమలగలగాలి, మాట స్పష్టంగా రావాలి. అవి చికిత్స చేయవలసిన విషయాలు. తాతముత్తాతల నుంచి వచ్చిన పెదవి నిండుతనం జబ్బు కాదు. ఆ రెండింటికీ తేడా తెలిసి చేయించుకున్న చికిత్సే మంచి చికిత్స.